ఆకులే గదా, ఏమైతది?

*మెంతుల పొడి, త్రిఫల మాత్ర, ‘ఫ్యాట్ కటర్’ క్యాప్సూల్, పొద్దుటి కషాయం... బరువు తగ్గాలనుకునే ఇంట్లో ఏదో ఒక డబ్బా ఉంటోంది. అందులో ఏముందని అడిగేవాళ్లే కరువు.*

మహిళా సంఘం మీటింగ్ అయిపోయింది. పొదుపు డబ్బులు లెక్కపెట్టారు, వాయిదాలు పుస్తకంలో రాశారు, సంతకాలు పెట్టారు. అయినా ఎవరూ లేవడం లేదు. మంచాల ఊళ్లో మీటింగ్ జరిగిన ఇంటి వాకిట్లో వేపచెట్టు నీడ గోడెక్కే వేళకు, గడప పక్కన కూర్చున్న ఒకామె చేతిసంచిలోంచి తెల్ల ప్లాస్టిక్ డబ్బా తీసింది. మూత తిప్పగానే ముందు మెంతుల చేదు వాసన, దాని వెనకే వాము ఘాటు.

“ఎంత తగ్గినవ్ వదినా?”

“నెలకు నాలుగు కిలోలు. పొద్దుగాల పరిగడుపున చెంచెడు, రాత్రి పండుకునే ముందు చెంచెడు. వేడినీళ్లల్ల కలుపుకొని తాగుడే.”

“నాకు షుగర్ గోలీలు నడుస్తున్నయ్ గద. ఏమన్న అయితదేమో?”

“ఏమైతది? ఆకులే గదా! మందా ఏమన్ననా?”

షుగర్ గోలీలు వేసుకునే ఆమె కొంగుముడి విప్పింది. డబ్బా చేతులు మారింది. దాని మీద తయారుచేసినవాళ్ల పేరు లేదు, తేదీ లేదు, లోపల ఏమేం కలిపారో లేదు. అతికించిన తెల్లకాగితం మీద బాల్‌పెన్నుతో రాసిన ఒక ఫోన్ నంబరు మాత్రం ఉంది.

అమ్మిన ఆమె మోసగత్తె కాదు. ఆమె కూడా అదే పొడి తాగుతోంది. వాళ్లక్క ఇస్తే తాగింది, తగ్గానని నమ్మింది, నలుగురికి మంచి జరగాలని చెప్పింది. చిక్కంతా ఆమె నోట వచ్చిన ఆ చివరి మాటలోనే ఉంది. ఆ పొడి నిజంగా పనిచేసేదే అయితే అది మందే. మందైతే దానికి మోతాదు ఉంటుంది, పడనివాళ్లు ఉంటారు, వేరే మందులతో పేచీ ఉంటుంది. మందు కాదంటారా, మరి బరువెలా తగ్గిస్తుంది? రెండూ ఒకేసారి నిజం కాలేవు.

ఇప్పుడే ఎందుకింత ఆరాటం?

2025 ఫిబ్రవరి 23న ‘మన్ కీ బాత్’లో ప్రధాని ఊబకాయం గురించి ప్రత్యేకంగా మాట్లాడి, వంటనూనె 10 శాతం తగ్గించమని కోరారు. ఆ తర్వాతి నెలలోనే బరువు తగ్గించే మౌంజారో ఇంజెక్షన్ మన దేశంలో అమ్మకానికి వచ్చింది. జూన్‌లో వెగోవీ వచ్చింది. వాటి ఖర్చు నెలకు వేల రూపాయలు. కూలి చేసుకునే ఇంటికీ, కుట్టుమిషను మీద బతికే ఇంటికీ అది అందేది కాదు. కానీ ఆ పేర్లు ఫోన్లలో అందరికీ అందాయి. మానిపసుపు లాంటి మొక్కల నుంచి తీసే బెర్బెరిన్‌ను ‘ప్రకృతి ఇచ్చిన ఓజెంపిక్’ (అదీ ఇలాంటి ఇంజెక్షనే) అంటూ 2023 నుంచే సోషల్ మీడియా ఊదరగొట్టింది. ఇంజెక్షన్ కొనలేనివాళ్లకు డబ్బా దొరికింది.

అవసరం మాత్రం నిజమైనదే. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం తెలంగాణలో 15–49 ఏళ్ల మధ్య ఆడవాళ్లలో 30.1 శాతం, మగవాళ్లలో 32.3 శాతం అధిక బరువుతోనో ఊబకాయంతోనో ఉన్నారు. ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్లలో ఇది 36.3 శాతం. దేశం మొత్తం మీద ఆడవాళ్లలో 24, మగవాళ్లలో 22.9 శాతమే. తెలుగు నేల దేశంకన్నా బరువెక్కిందన్నమాట.

ఆహారం గురించి చెప్పేవాళ్లను వినడంలో తెలుగువాళ్లకు ఓపిక ఎక్కువ. మంతెన సత్యనారాయణ రాజు ఉప్పు, నూనె మానమంటే విన్నాం. వీరమాచనేని రామకృష్ణ అన్నం ఆపి కొబ్బరినూనె తాగమంటే కొబ్బరినూనె సీసాలు కొన్నాం. ఖాదర్ వలీ కొర్రలు, అరికెలు, సామలు తిని ఆకుల కషాయాలు తాగమంటే పల్లెల్లో సైతం సిరిధాన్యాల దుకాణాలు వెలిశాయి. వీటన్నిటితో నేను ఏకీభవించను. అయితే ఆ ముగ్గురూ కంచం మార్చుకోమన్నారు. పొడి డబ్బా అదీ అడగదు. తినేది తింటూనే తగ్గిపోవచ్చంటుంది. దాని ఆకర్షణ అంతా అక్కడే.

జొన్న గటక నుంచి సన్నబియ్యం దాకా

హైదరాబాద్ నుంచి సాగర్ రోడ్డు పట్టుకొని వచ్చి ఇబ్రహీంపట్నం దగ్గర లోపలికి తిరిగితే మంచాల. ఆరుట్ల మీదుగా ఇంకా ముందుకు పోతే రాచకొండ గుట్టలు. ఇవన్నీ మెట్ట భూముల ఊళ్లు. ఇక్కడి ముసలమ్మలను కూర్చోబెట్టి చిన్నప్పుడు ఏం తిన్నారని అడగండి. జొన్న గటక, తైద అంబలి, సజ్జ రొట్టె, ఉలవచారు, అనపకాయ కూర అని వరస పెడతారు. వరి అన్నం పండగకో, చుట్టం వస్తేనో.

1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఆకలి తీరింది. అది చిన్న విషయం కాదు. గంజి నీళ్లతో పూట గడిపిన ఇంట్లో వేడన్నం కుండ దిగడం అంటే ఏమిటో ఆ తరాన్ని అడిగితేనే తెలుస్తుంది. 2025 ఉగాది నాడు హుజూర్‌నగర్‌లో మొదలైన పథకంతో మనిషికి ఆరు కిలోల చొప్పున రేషన్లో సన్నబియ్యమే ఇస్తున్నారు. కడుపు నిండా తెల్లన్నం తినడం ఒకప్పుడు కల. ఇప్పుడు మూడు పూటలా అదే.

తిండి మారినంతగా పనీ మారింది. నాట్లు, కలుపు, కోతల్లో వంగి లేచిన నడుములు, రోకలి ఎత్తి దించిన చేతులు, బావి నుంచి నీళ్లు తోడిన భుజాలు ఇప్పుడు ఖాళీ అయ్యాయి. దుక్కి ట్రాక్టరుది, కోత మిషనుది, పిండి గిర్నీది. రోడ్డు పక్క భూములు ప్లాట్లయ్యాక చేతిలో డబ్బుండి చేనులో పని లేని ఇళ్లు పెరిగాయి. ఒంటికి చేరే తిండి ఎక్కువైంది, ఒళ్లు చేసే పని తక్కువైంది. ఇందులో ఆ ఆడవాళ్ల తప్పు ఏ కోశానా లేదు. అయినా సిగ్గుపడేది వాళ్లే. పెళ్లిలో ఫొటో దిగేటప్పుడు వెనక నిలబడేది వాళ్లే. “నీకేం వదినా, ఇంటి పట్టున కూసుంటివి” అన్న మాట పడేది వాళ్లే.

‘బరువు తగ్గాలమ్మా’

మోకాళ్లు నొస్తున్నాయని దవాఖానకు పోతే డాక్టర్ చీటీ రాస్తూ ఒక మాట అంటాడు: “బరువు తగ్గాలమ్మా.” బీపీకి పోయినా అదే, షుగర్‌కు పోయినా అదే. ఎట్లా తగ్గాలో చెప్పే తీరిక ఆయనకు ఉండదు. బయట వరండాలో యాభై మంది ఉంటారు. పోషకాహార నిపుణులు మండల స్థాయి దవాఖానలో కనిపించరు. ‘తగ్గాలి’ అన్న ఆజ్ఞ ఇంటికి వస్తుంది, ‘ఎలా’ అన్నది రాదు. ఆ ఖాళీలోకి వదిన వస్తుంది, పక్కింటి పంతులమ్మ వస్తుంది, పొద్దున్నే ‘షేక్’ తాగించే న్యూట్రిషన్ క్లబ్బు వస్తుంది. వాళ్ల దగ్గర తీరిక ఉంటుంది. వాళ్లు పేరుతో పిలుస్తారు, తూకం మిషను ఎక్కిస్తారు, వారం తర్వాత ఫోన్ చేసి అడుగుతారు. వైద్య వ్యవస్థ ఇవ్వని శ్రద్ధ అమ్మేవాళ్లు ఇస్తున్నారు. మనం కొంటున్నది పొడిని కాదు, ఆ శ్రద్ధను.

మొదటి వారంలో రెండు కిలోలు తగ్గడం కూడా అబద్ధం కాదు. రాత్రి అన్నం మానేసి పొడి తాగమంటారు కదా. తిండి తగ్గితే కాలేయంలో, కండరాల్లో నిలవున్న పిండిపదార్థం ఖర్చవుతుంది, దానితో పట్టి ఉన్న నీరూ పోతుంది. మిషను మీద ముల్లు కదులుతుంది. పేరు పొడికి దక్కుతుంది.

ఇది ఊహ కాదు, తూచి చూసిన సంగతి. మలబార్ చింత తెలుసుగా, కేరళలో చేపల పులుసులో వేసే కుడంపులి. దాని సారమే ‘గార్సీనియా’ పేరుతో ప్రపంచమంతా క్యాప్సూళ్లలో అమ్ముడవుతోంది. 1998లో అమెరికా వైద్య సంఘం పత్రిక ‘జామా’లో ఒక పరీక్ష వచ్చింది. 135 మందిని తీసుకుని, అందరికీ ఒకే మితాహారం పెట్టి, సగం మందికి గార్సీనియా, సగం మందికి ఏమీ లేని మాత్ర ఇచ్చారు. 12 వారాల తర్వాత గార్సీనియా వాళ్లు సగటున 3.2 కిలోలు తగ్గారు. ఉత్త మాత్ర వాళ్లు 4.1 కిలోలు తగ్గారు. తగ్గించింది కంచమే.

> పేరొక్కటే, గింజలు వేరు
>
> తెలుగు ఫోన్లలో ఏళ్లుగా తిరుగుతున్న చిట్కా: మెంతులు 250 గ్రాములు, వాము 100, ‘నల్లజీలకర్ర’ 50. వేయించి, పొడికొట్టి, రోజూ వేడినీళ్లలో. ఇది ఉత్తరాది నుంచి వచ్చింది. అక్కడి ‘కాలీ జీరీ’ అంటే మన అడవిజీలకర్ర. కడుపులో పురుగులకు పూర్వం వాడిన చేదు గింజ. తెలుగులోకి వచ్చేసరికి అది నల్లజీలకర్ర అయింది. కిరాణా కొట్టులో నల్లజీలకర్ర అడిగితే ఒకరు కలోంజీ ఇస్తారు, ఇంకొకరు బిర్యానీలో వేసే షాజీర ఇస్తారు. మూడూ మూడు వేర్వేరు మొక్కలు. ఒకే చిట్కా పేరుతో మూడు ఇళ్లలో మూడు పొడులు తయారవుతున్నాయి.

బ్రసెల్స్‌లో ఏం జరిగిందంటే

పేరు మారితే ఏమైతది అనుకునేవాళ్లకు ఈ కథ చెప్పి తీరాలి. 1992లో బెల్జియం రాజధాని బ్రసెల్స్‌లో కిడ్నీ డాక్టర్లకు ఒక వింత ఎదురైంది. వయసులో ఉన్న ఆడవాళ్లు, బీపీ షుగర్ లేనివాళ్లు, కిడ్నీలు పూర్తిగా పాడై వరసగా వస్తున్నారు. ఆరా తీస్తే అందరూ ఒకే బరువు తగ్గించే క్లినిక్‌కు వెళ్లినవాళ్లు. అక్కడ క్యాప్సూళ్లలో చైనా మూలికల పొడి ఇచ్చారు. ఆ మూలిక పేరు ‘ఫాంగ్ జీ’. చైనాలో ఆ పేరుతో రెండు వేర్లున్నాయి. రావలసింది స్టెఫానియా అనే తీగ వేరు. వచ్చింది అరిస్టలోకియా వేరు.

వంద మందికి పైగా దెబ్బతిన్నారు. చాలామంది డయాలసిస్ మీదికి, కిడ్నీ మార్పిడికి వెళ్లారు. అంతటితో పోలేదు. ముందు జాగ్రత్తగా పాడైన కిడ్నీలు తీయించుకున్న 39 మందిని పరీక్షిస్తే 18 మందికి మూత్రమార్గంలో కేన్సర్ బయటపడింది. ఆ వివరం 2000 సంవత్సరంలో వైద్య పత్రికకెక్కింది. పొడి మానేసిన ఏళ్ల తర్వాత!

ఆ అరిస్టలోకియా మనకు పరాయిది కాదు. మన చేల గట్ల మీద కనిపించే గాడిదగడపర, నాటు వైద్యంలో పేరున్న ఈశ్వరి వేరు ఆ కుటుంబంవే. ‘ఆకులే గదా’ అన్నప్పుడు నాకు గుర్తొచ్చేది ఇదే. మన తాతలకు ఏ ఆకు తినాలో, ఏ ఆకు ముట్టకూడదో, ఏది పైపూతకే వాడాలో తెలుసు. ఆకు అంటే చాలు మంచిదన్న మాట వాళ్లెన్నడూ అనలేదు.

మరీ బాగా పనిచేస్తోందా? అయితే అనుమానించండి

కొన్ని డబ్బాలు నిజంగానే ఆకలి చంపేస్తాయి. నోరు ఎండుతుంది, గుండె దడదడలాడుతుంది, రాత్రి నిద్ర పట్టదు, కిలోలు దిగుతాయి. “ఇది నిఖార్సయిన ఆయుర్వేదం” అని అమ్మినవాళ్లు అంటారు. అలాంటి పొడిలో అల్లోపతి మందు కలిపి ఉండొచ్చు.

సిబుట్రామిన్ అని ఒక గోలీ ఉండేది. ఆకలి తగ్గించేది. గుండెపోటు, పక్షవాతం ముప్పు పెంచుతోందని తేలి 2010లో అమెరికా, యూరప్ మార్కెట్ల నుంచి పోయింది. 2011 ఫిబ్రవరిలో మన ప్రభుత్వం నిషేధించింది. గోలీ పోయింది కానీ ఆ రసాయనం మూలికల డబ్బాల్లో దాక్కుంది. అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2007 నుంచి 2016 వరకు పట్టుకున్న కల్తీ సప్లిమెంట్లలో బరువు తగ్గించేవి 317. వాటిలో 269 డబ్బాల్లో దొరికింది సిబుట్రామినే. డబ్బా మీద రాసింది ‘సహజం’ అని.

ఇంకో కిటుకు విరేచనం. ‘స్లిమ్మింగ్ టీ’, ‘డీటాక్స్ పొడి’ అనేవాటిలో సునాముఖి ఆకు తరచుగా ఉంటుంది. మనం బతుకమ్మలో పేర్చే తంగేడుకు దగ్గరి చుట్టం. నేలతంగేడు అని కూడా అంటారు. మలబద్ధకానికి రెండు రోజులు వాడితే మంచి మందే. అయితే అది పనిచేసేది పెద్దపేగులో. తిన్న అన్నంలోని బలమంతా అప్పటికే చిన్నపేగులో ఒంటికి పట్టేసి ఉంటుంది. కాబట్టి పోయేది నీళ్లు, ఉప్పులు, పొటాషియం. కొవ్వు ఉన్నచోటే ఉంటుంది. బీపీకి నీరు పోయే గోలీ వేసుకునేవాళ్లు దీన్ని నెలల తరబడి తాగితే పొటాషియం పడిపోయి గుండె లయ తప్పొచ్చు. ఆ తర్వాత పేగు మందు లేకుండా కదలనని మొరాయించొచ్చు.

పోపులో పసుపు, మాత్రలో పసుపు

మెంతులు తిన్నా తప్పేనా అని ఒకామె నన్ను నిలదీసింది. కాదు. మెంతుల్లో పీచు ఉంది, కడుపు నిండినట్టుంటుంది, రక్తంలో చక్కెర కొంత తగ్గుతుంది. షుగర్ గోలీలు వేసుకుంటూ రాత్రి అన్నం మానేసి పైన మెంతుల పొడి తాగితే చక్కెర మరీ పడిపోయి తెల్లవారుజామున చెమటలు, కళ్లు తిరగడం రావచ్చు. మెంతులు చెడ్డవని కాదు, డాక్టర్‌కు తెలియని ఇంకో షుగర్ మందు ఇంట్లో ఉన్నట్టు లెక్క.

వంటగదిలో వాడటానికీ, సారం తీసి మాత్ర చేయడానికీ ఆమడ దూరం. పోపులో పసుపు తరతరాలుగా తింటున్నాం. అదే పసుపు నుంచి కర్‌క్యుమిన్ సారం లాగి, ఒంటికి బాగా పట్టాలని మిరియాల సారం కలిపిన మాత్రలతో కాలేయం వాచిన కేసులు అమెరికాలో, ఇటలీలో నమోదయ్యాయి. గ్రీన్ టీ కప్పులో తాగితే ఫర్వాలేదు. దాని సారంలోని ఈజీసీజీ అనే పదార్థాన్ని మాత్రల రూపంలో రోజుకు 800 మిల్లీగ్రాములు, అంతకు మించి తీసుకుంటే కాలేయ ఎంజైములు పెరుగుతున్నాయని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లో హెచ్చరించింది. అమెరికాలో మందుల వల్ల కాలేయం దెబ్బతిన్న కేసులను 2004 నుంచి ప్రత్యేకంగా నమోదు చేస్తున్న వైద్యుల బృందం లెక్క చూస్తే, మూలికలు, సప్లిమెంట్ల వాటా మొదట్లో 7 శాతం. 2013 నాటికి 20 శాతం.

మా మేనత్త సంగతి నేనెప్పుడూ రాయలేదు. ఇప్పుడు రాయాలి. దగ్గరి బంధువు ఇచ్చిన క్యాప్సూళ్లు రెండు నెలలు వేసుకుంది. చీరలు వదులయ్యాయని సంబరపడింది. తర్వాత అన్నం సయించడం మానేసింది. వికారం, ఒళ్లంతా దురద. ‘ఒంట్లోని మలినాలు బయటికి పోతున్నాయి, ఆపొద్దు’ అన్నారు ఇచ్చినవాళ్లు. కళ్లు పచ్చబడ్డాక దవాఖానలో చేర్చాం. ఏమేం మందులు వాడుతున్నారని డాక్టర్ అడిగితే ఆమె బీపీ గోలీ పేరు ఒక్కటే చెప్పింది. అబద్ధం ఆడలేదు. ఆ క్యాప్సూల్ మందని ఆమెకు తోచనే లేదు. మూడో రోజున మా చిన్నోడు అలమరలోంచి డబ్బా తెచ్చి చూపిస్తే అసలు విషయం బయటపడింది. ఆమె బతికింది. ఆ మూడు రోజులు మా ఇంట్లో ఎవరం మరిచిపోలేదు.

> ఈ లక్షణాలు కనిపిస్తే ఆ రోజే ఆపండి
>
> అన్నం సయించకపోవడం, ఆగని వికారం, కుడి డొక్కలో బరువు, ఒళ్లంతా దురద, ముదురు పసుపు మూత్రం, కళ్లు పచ్చబడటం. ఇవి కాలేయం చెప్పే మాటలు. గుండె దడ, నిద్ర పట్టకపోవడం, చేతుల వణుకు ఉంటే డబ్బాలో రసాయనం కలిసిందేమో చూడాలి. కాళ్ల వాపు, మూత్రం తగ్గడం కిడ్నీ సంకేతాలు. ‘మలినాలు పోతున్నాయి’ అనే మాట నమ్మకండి.

చరకుడు పొడి ఇచ్చి పంపలేదు

ఈ డబ్బాల మీద ‘ఆయుర్వేదం’ అని రాసేవాళ్లు ఆ శాస్త్రం ఏం చెప్పిందో చదివితే బాగుండు. చరక సంహిత సూత్రస్థానంలో 21వ అధ్యాయం ప్రధానంగా అతి లావు, అతి సన్నం మీదే. లావుకు కారణాలుగా అతిగా తినడం, తీపి, బరువైన తిండి, ఒళ్లు కదలకపోవడం, పగటి నిద్రతో పాటు పుట్టుకతో వచ్చే గుణాన్ని కూడా చరకుడు లెక్కవేశాడు. అందరి లావూ తిండిపోతుతనం కాదని అప్పుడే గుర్తించాడు. చికిత్స దగ్గర తిప్పతీగ, తుంగముస్తలు, త్రిఫల, తేనె చెబుతాడు. అక్కడితో ఆగడు. ఏం తినాలో జాబితా ఇస్తాడు. అందులో ఏమున్నాయో చూడండి: కొర్రలు, జొన్నలు, అరికెలు, యవలు, పెసలు, ఉలవలు, కందులు, పొట్లకాయ, ఉసిరికాయ. వ్యాయామం కొద్దికొద్దిగా పెంచుకుంటూ పొమ్మంటాడు.

ఆ జాబితా చదివినప్పుడు నాకు మంచాల ముసలమ్మలు చెప్పిన వరసే వినిపించింది. వాళ్లు పేదరికంలో తిన్న కంచాన్నే చరకుడు మందుగా రాశాడు. మనం ఆ కంచాన్ని పారేసి, అందులోంచి ఒక చెంచా పొడి తీసి వందల రూపాయలకు కొనుక్కుంటున్నాం.

గుగ్గులు అనే చెట్టుబంక సంగతీ అంతే. 1966లో బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో జి.వి.సత్యవతి సుశ్రుతుడి మేదోరోగ (కొవ్వు పెరిగే జబ్బు) వర్ణనను శ్రద్ధగా చదివి, గుగ్గులును కుందేళ్లకు ఇచ్చి కొలెస్టరాల్ తగ్గడం చూపించారు. మన శాస్త్రాన్ని గౌరవించడమంటే అది. తర్వాత 2003లో అమెరికాలో 103 మంది మీద ఎనిమిది వారాలు పరీక్షిస్తే చెడు కొలెస్టరాల్ తగ్గకపోగా కాస్త పెరిగింది, కొందరికి దద్దుర్లు వచ్చాయి. ఇంకా పరీక్షించాల్సిందే. ఎర్రగడ్డ ప్రభుత్వ ఆయుర్వేద ఆసుపత్రికి వెళ్తే వైద్యుడు నాడి చూసి, నాలుక చూసి, ఏం తింటున్నావో అడిగి అప్పుడు మందు రాస్తాడు. ఎవరో చూడకుండా, ఎవరికైనా ఒకే డబ్బా ఇచ్చే పద్ధతి ఆయుర్వేదంలో లేదు.

చట్టం ఉంది, చూపే లేదు

1954 నాటి మందులు, మాయ చికిత్సల ప్రకటనల చట్టం 54 జబ్బుల పట్టిక ఇచ్చి, వాటిని నయం చేస్తామని ప్రకటించడం నేరమంది. ఆ పట్టికలో 38వది ఊబకాయం. మొదటిసారి దొరికితే ఆరు నెలల దాకా జైలు, మళ్లీ చేస్తే ఏడాది దాకా. అంటే ‘నెలలో పది కిలోలు గ్యారంటీ’ అని ఆటో వెనక అతికించిన ప్రతి మందు పోస్టరూ చట్టం దృష్టిలో నేరమే. తెలంగాణ ఔషధ నియంత్రణ అధికారులు ఈ చట్టం కింద దాడులు చేసి, ఇలాంటి ప్రకటనలున్న మందులను జప్తు చేస్తూనే ఉన్నారు. కానీ చేతి నుంచి చేతికి, వాట్సాప్ గ్రూపు నుంచి గ్రూపుకు పోయే డబ్బాను ఏ దాడి పట్టుకుంటుంది? దాన్ని పట్టుకోగలిగేది కొనేవాళ్లే.

> డబ్బా తిప్పి చూడండి
>
> ఆయుర్వేద మందైతే తయారీ లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, గడువు, ఏ మూలిక ఎంత అన్న వివరం ఉండాలి. విషగుణం ఉన్న మూలికలు కలిస్తే వైద్యుడి పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక ఉండాలి.
>
> ఆహార సప్లిమెంట్ అయితే 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు, ‘వైద్య అవసరాలకు కాదు’ అన్న మాట ఉండాలి. ఆ మాట రాసి ఉన్న డబ్బాను షుగర్ తగ్గిస్తుందనో, థైరాయిడ్ పోగొడుతుందనో అమ్మితే అది తప్పు.
>
> ఈ రెండింట్లో ఏదీ లేని డబ్బాను వదిన ఇచ్చినా, డాక్టర్ ఇచ్చినా తీసుకోవద్దు.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో భారతీయులకు ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. బరువు నిదానంగా తగ్గాలి, వారానికి అరకిలో చాలు, తొందరగా తగ్గించే పద్ధతులు, ఊబకాయం మందుల జోలికి వెళ్లొద్దు అంటుంది. వారానికి అరకిలో అంటే సంఘం మీటింగులో చెప్పుకునేంత గొప్పగా వినిపించదు. ఆరు నెలల్లో పన్నెండు పదమూడు కిలోలు! రాత్రి కంచంలో అన్నం సగం చేసి జొన్న రొట్టె, పప్పు, ఆకుకూర పెట్టుకుంటే, పొద్దున చెరువు గట్టు దాకా నలుగురూ కలిసి నడిస్తే వచ్చేది. సంఘానికి ఆ బలం ఉంది. అప్పు తీర్చడానికి ఒకరి వెంట ఒకరు నిలబడే ఆడవాళ్లు నడవడానికి నిలబడలేరా?

ఇంకొక మాట. ఎంత కడుపు మాడ్చుకున్నా బరువు దిగనివాళ్లలో కొందరికి థైరాయిడ్ లోపం ఉంటుంది. దానికి రక్తపరీక్ష చాలు. ప్రభుత్వ దవాఖానలో నమూనా ఇస్తే తెలంగాణ డయాగ్నొస్టిక్స్ ద్వారా థైరాయిడ్, కాలేయ పరీక్షలు రూపాయి ఖర్చు లేకుండా అవుతాయి. డబ్బా కొనే ముందు చేయించుకోవలసింది అది. ఇప్పటికే రెండు మూడు నెలలుగా ఏదైనా వాడుతున్నవాళ్లు కాలేయ పరీక్ష ఈ వారమే చేయించుకోవాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, రక్తం పలచన చేసే మందులు వాడేవాళ్లు ఏ డబ్బానూ ముట్టొద్దు.

ఈ కథనం చదివాక మీ అలమరలోని డబ్బాను వెంటనే పారేయకండి. పారేస్తే అందులో ఏముందో ఎప్పటికీ తెలియదు. వాడటం ఆపి, ఈసారి దవాఖానకు పోయేటప్పుడు షుగర్ చీటీ, బీపీ గోలీలతో పాటు దాన్నీ సంచిలో వేసుకోండి. డాక్టర్ బల్ల మీద పెట్టి, ఎన్ని రోజులుగా తాగుతున్నారో చెప్పండి. డాక్టర్లకూ ఒక విన్నపం: తిట్టకండి. తిడితే మళ్లీసారి ఆ డబ్బా ఇంట్లోనే ఉండిపోతుంది. పేరూ ఊరూ లేని డబ్బా అయితే రాష్ట్ర ఔషధ నియంత్రణ సంస్థ ఉచిత నంబరు 1800-599-6969కు చెప్పండి. డబ్బు పోయి మోసపోయినవాళ్లు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు.